మనం లేనప్పుడు ఆట ఏం చేస్తుంది?

మిర్చి సీజన్లో టిక్కీల (మిర్చి బస్తాల) లారీలు యార్డు దాకా బారులు తీరే గుంటూరులో, కంప్యూటర్లో సేద్యం చేసే ఆట గొప్పదని మొదలుపెడితే ఎదుటివాళ్ళు నవ్వడంలో తప్పేమీ లేదు. 2021-22లో నల్ల తామరపురుగు మిర్చి తోటల్ని ఎలా ఊడ్చిపెట్టిందో చూసినవాళ్ళకి, విత్తనం వేసి నీళ్ళు పోస్తే 4 రోజుల్లో పంట చేతికొచ్చే ఆట పిల్లల ముచ్చటలాగే ఉంటుంది. "పొలం మీద బతకలేకే కదా టౌనుకొచ్చింది, మళ్ళీ ఫోన్లో పొలం పనేంటి?" అని పెద్దవాళ్ళు అడిగితే ఈ ఆటలు ఆడేవాళ్ళు చాలామంది సరైన జవాబు చెప్పరు. బొమ్మలు ముద్దుగా ఉంటాయంటారు, సంగీతం హాయిగా ఉంటుందంటారు, టెన్షన్ పోతుందంటారు. నిజమే, కానీ అసలు సంగతి అక్కడ లేదు. ముద్దు బొమ్మలు, మెత్తటి సంగీతం పెట్టుకుని మనిషిని పీక్కుతినే ఆటలు ప్లే స్టోర్ నిండా ఉన్నాయి.

నేను చెప్పేది ఇది. ఈ ఆటల్లో పని బోలెడంత ఉంటుంది. హాయి ఎక్కడిదంటే, చేసిన పనికి వచ్చే ఫలితం లెక్క మారదు, నష్టానికి ఒక గట్టు ఉంటుంది, మనం నాలుగు రోజులు కనిపించకపోయినా ఆట కక్ష కట్టదు. ఈ మూడూ కుదిరితే ఎనిమిదేళ్ళ పిల్లకైనా, ఇంటర్ కుర్రాడికైనా, రిటైరైన మాస్టారికైనా ఒకేలా పట్టుకుంటుంది. మూడోది తప్పిందంటే మాత్రం పేరుకే ప్రశాంతమైన ఆట, ఆచరణలో జీతం లేని ఉద్యోగం.

స్టార్‌డ్యూ వ్యాలీనే ముందు తీసుకుందాం. లెక్కలన్నీ బల్ల మీద పరిచి చూపించే ఆట అది. ఎరిక్ బరోన్ అనే ఆయన బొమ్మలు, సంగీతం, కోడ్, కథ అన్నీ ఒక్కడే చేసుకుంటూ నాలుగేళ్ళకు పైగా కూర్చుని, 2016 ఫిబ్రవరి 26న విడుదల చేశాడు. పట్నంలో ఉద్యోగం వదిలేసి, తాత ఇచ్చిపోయిన పొలానికి వచ్చే పాత్ర మనది. చేతిలో 500 గోల్డ్, 15 పార్స్‌నిప్ విత్తనాలు. పార్స్‌నిప్ అంటే తెల్ల క్యారెట్ లాంటి దుంప. ఆటలో రోజు పొద్దున 6కి మొదలై అర్ధరాత్రి దాటాక 2కి ముగుస్తుంది. అక్కడి 10 నిమిషాలు మనకు సుమారు 7 సెకన్లు, అంటే ఒక రోజంటే దాదాపు 14 నిమిషాలు. 28 రోజులకో రుతువు, నాలుగు రుతువులకో ఏడు.

పార్స్‌నిప్ విత్తనం 20 గోల్డ్, పంట 35. మొదటి ఏడు 35, పదో ఏడూ 35. ఒకటి అమ్మినా 35, వెయ్యి అమ్మినా ఒక్కోటి 35. నాణ్యత చుక్క వస్తే ఇంకాస్త ఎక్కువ పలుకుతుంది, తక్కువ మాత్రం పలకదు. ఇంటి పక్కనున్న పెట్టెలో వేసి పడుకుంటే తెల్లారేసరికి డబ్బు జమ. మన యార్డులో రకం తేజానా 334నా, కోల్డ్ స్టోరేజీలో ఉంచిన ఏసీ సరుకా నాన్ ఏసీయా, తేమెంత, తాలెంత, ఇవాళ ఎన్ని టిక్కీలు దిగాయి అని ఇన్ని అయితే గానీ ధర తేలదు, తేలిన ధర రేపటికి నిలవదు. సరుకు ఎక్కువ పండినందుకు రైతే నష్టపోయే ఊరు మనది. ఆటలో ఆ ఒక్క ముల్లు తీసేశారు. వ్యవసాయంలో ఉన్న కష్టాన్ని ఆట దాచిపెడుతోందని కొందరు విమర్శిస్తారు. దాచిపెట్టడం ఏముంది, ఆట వ్యవసాయ పాఠం కాదుగా. చదరంగం ఆడినవాడు యుద్ధం గురించి తప్పుగా నేర్చుకున్నాడని ఎవరూ బాధపడరు.

సరదాకి మన మిర్చి లెక్కే చూడండి. ఆటలో హాట్ పెప్పర్ వేసవి పంట. విత్తనం 40, మొదటి కాపు 5 రోజులకి, ఆ తర్వాత ప్రతి 3 రోజులకి. వేసవి 1న వేస్తే 6, 9, 12 అలా 27 దాకా 8 కోతలు. కాయ 40 చొప్పున మొక్కకి 320. అదే రోజు బ్లూబెర్రీ వేస్తే విత్తనం 80, మొదటి కాపు 13 రోజులకి, తర్వాత 4 రోజులకోసారి, కోతకి 3 కాయలు, కాయ 50. 14, 18, 22, 26 తేదీల్లో నాలుగు కోతలు, మొక్కకి 600. కాబట్టి డబ్బే కావాలంటే బ్లూబెర్రీ. మొదటివారం చేతిలో డబ్బు ఆడాలంటే మిర్చి. పదేళ్ళ పిల్లలు ఈ లెక్క కాగితం మీద వేసుకుంటారు, ఎవరూ చెప్పకుండానే. డెల్టా వాళ్ళకి నచ్చే మరో ముచ్చట వరి. నీటి ఒడ్డు నుంచి మూడు గళ్ళలోపు నాటితే తడి పెట్టక్కర్లేదు, 8 రోజుల పంట 6 రోజులకే వస్తుంది.

ఇక కష్టాల సంగతి. ఈ ఆట హాయి అని విని మొదలుపెట్టినవాళ్ళు మొదటి వసంతంలోనే చిరాకుపడి వదిలేస్తుంటారు. ఎక్కువగా జరిగేది ఒకటే, తలకి మించిన సేద్యం. పాత్రకి రోజుకి 270 శక్తి. మొదట్లో తవ్వినా, నీళ్ళు పోసినా, గొడ్డలి వేసినా దెబ్బకి 2 ఖర్చు. ఒక చెట్టు కొట్టి మొద్దు కూడా పెకలించాలంటే 15 దెబ్బలు, అంటే 30 శక్తి. ఉత్సాహంగా 60 గళ్ళు తవ్వి విత్తనాలు వేశారనుకోండి, తవ్వడానికి 120, నీళ్ళకి 120, మొత్తం 240. మిగిలింది 30, ఒక చెట్టుకి సరి. మర్నాటి నుంచీ రోజూ నీళ్ళకే 120. పైగా మొదటి నీళ్ళ క్యాను 40 గళ్ళకే వస్తుంది, మధ్యలో చెరువుకెళ్ళి నింపుకురావాలి. అదయ్యేసరికి సగం పొద్దు గడిచిపోతుంది, గనికీ ఊళ్ళోకీ తీరికుండదు. శక్తి పూర్తిగా అయిపోతే నడక మందగిస్తుంది, మర్నాడు సగం శక్తితో లేస్తారు. దాంతో రోజూ అప్పు తీర్చినట్టే ఉంటుంది.

చేయాల్సింది ఏమిటంటే, మొదటి రోజు ఉచితంగా ఇచ్చిన 15 విత్తనాలు వేసి ఊరుకోవాలి. తవ్వడం, నీళ్ళు కలిపి 60 శక్తి. 5వ తేదీకి పంట చేతికొస్తుంది, 525 గోల్డ్. అన్నీ అమ్మేయకుండా పార్స్‌నిప్, గ్రీన్ బీన్, కాలీఫ్లవర్, బంగాళాదుంప ఒక్కోటి పక్కన పెట్టుకోవాలి, ఊరి కమ్యూనిటీ సెంటర్ బాగుచేయడానికి వసంతపు పంటల కింద ఆ నాలుగూ అడుగుతుంది. 5వ తేదీనే గని తెరుచుకుంటుంది, అందులో 5 అంతస్తులకోసారి లిఫ్టు ఆగుతుంది కాబట్టి ప్రతిసారీ మొదటినుంచీ దిగక్కర్లేదు. విత్తనాల కొట్టు బుధవారం సెలవు. వసంతంలో బుధవారాలు 3, 10, 17, 24. మంగళవారం మరిచిపోతే ఒక రోజు పొలం ఖాళీ. కాలీఫ్లవర్‌కి 12 రోజులు కావాలి గనక 16వ తేదీ దాటాక వేస్తే దండగ, రుతువు మారగానే చచ్చిపోతుంది. కొత్తవాళ్ళు 20న వేసి, వేసవి మొదటి రోజున ఎండిపోయిన మొక్కల్ని చూసి ఆటలో తప్పుందనుకుంటారు.

మొక్కల చుట్టూ దిష్టిబొమ్మ పెట్టకపోతే కాకులు తింటాయి. 50 కలప, 1 బొగ్గు, 20 పీచు ఉంటే దిష్టిబొమ్మ అవుతుంది, చుట్టూ 8 గళ్ళ దూరం కాస్తుంది. నీళ్ళ క్యానుని కమ్మరి దగ్గర రాగిది చేయించాలంటే 2000 గోల్డ్, 5 రాగి కడ్డీలు. ఒక్కో కడ్డీకి 5 ముడి రాగి, 1 బొగ్గు. అతను 2 రోజులు ఉంచుకుంటాడు, ఆ రెండు రోజులూ మొక్కలకి నీళ్ళెలా? ఇంట్లో టీవీలో రేపటి వాతావరణం వస్తుంది. రేపు వాన అని చెప్పిన రోజు పొద్దున మొక్కలన్నిటికీ నీళ్ళు పోసి, తర్వాత క్యాను ఇచ్చిరావాలి. మర్నాడు వాన పోస్తుంది. ఎల్లుండి 9కి కొట్టు తీయగానే తెచ్చుకుని నీళ్ళు పోసుకోవచ్చు. ఇలాంటి చిన్న ఎత్తు ఒకటి పారితే మనసుకి ఎంత తృప్తో చెప్పలేను, నిజానికి ఆట మొత్తం ఇలాంటి తృప్తుల మూటే.

ఆ తర్వాత స్ప్రింక్లర్లు. మొదటి రకం 1 రాగి, 1 ఇనుప కడ్డీతో అవుతుంది, నాలుగు పక్కలా నాలుగు గళ్ళే తడుపుతుంది, నా లెక్కన దాని మీద లోహం ఖర్చు పెట్టడం అనవసరం. ఫార్మింగ్ 6వ లెవెల్‌కి వచ్చే క్వాలిటీ స్ప్రింక్లర్ దాకా ఆగితే 1 ఇనుము, 1 బంగారం, 1 శుద్ధి చేసిన క్వార్ట్జ్‌తో చుట్టూ 8 గళ్ళు తడుస్తాయి. ఆరు పెడితే 48 మొక్కలకి రోజూ తెల్లవారేసరికి నీళ్ళు పడి ఉంటాయి. పొద్దున్నే క్యాను పట్టుకుని వంగిన పని ఒక్కసారిగా మాయమవుతుంది. చేత్తో చేసి విసిగాక వచ్చింది కాబట్టే ఆ విలువ. మొదటి రోజే డబ్బిచ్చి కొనుక్కునే వీలుంటే ఆ సుఖం ఉండేది కాదు. ఈ మాట గుర్తుంచుకోండి, ఫోన్ ఆటల దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

నష్టానికి గట్టు అన్నాను. రాత్రి 2 దాటినా ఇంటికి చేరకపోతే పాత్ర పడిపోతుంది, చేతిలో డబ్బులో పదో వంతు పోతుంది, అదీ 1000కి మించదు. గనిలో ఓడిపోతే కొన్ని వస్తువులు కూడా పోతాయి, అది కాస్త చేదు. పిడుగులు పడతాయి గానీ పొలం వరదలో మునగదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళలో ఉండటం చూసిన బెజవాడ వాళ్ళకి, ఇంత కంటే ఎక్కువ పోదు అని ముందే రాసి ఇచ్చిన ప్రపంచం ఎందుకు బాగుంటుందో వివరించక్కర్లేదు. ఆట సేవ్ అయ్యేది కూడా పాత్ర పడుకున్నప్పుడే. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద ఆడుతుంటే కరెంటు పోయిందనుకోండి, పోయేది ఆ ఒక్క రోజు పని, పావుగంటది. ఫోన్లో మధ్యలో కాల్ వస్తే తాత్కాలికంగా దాచుకుంటుంది గానీ దాని మీదే నమ్మకం పెట్టుకోకుండా పడుకోబెట్టి ఆపడం మేలు.

ఇప్పుడు మూడో సంగతి, మనం లేనప్పటిది. ఆట కొనేముందు గానీ, ఇంట్లో పిల్లలకి ఇచ్చేముందు గానీ అడగాల్సిన ప్రశ్న ఇదొక్కటే చాలంటాను. స్టార్‌డ్యూలో మీరు ఆట మూసేస్తే కాలం ఆగిపోతుంది. పరీక్షలని మూడు నెలలు వదిలేసి వచ్చినా క్యాను ఎక్కడ పెట్టారో అక్కడే ఉంటుంది, ఒక్క ఆకు వాడదు. యానిమల్ క్రాసింగ్‌లో అలా కాదు. నింటెండో 2001లో జపాన్‌లో మొదలుపెట్టిన ఈ వరసలో ఆట గడియారం గోడ గడియారంతోపాటే నడుస్తుంది. ఇక్కడ రాత్రయితే అక్కడా రాత్రి. 2020 మార్చి 20న వచ్చిన న్యూ హొరైజన్స్‌లో వారాలు రాకపోతే దీవి నిండా కలుపు మొలుస్తుంది, ఇంట్లో బొద్దింకలు చేరతాయి, రెండు వారాలకు పైగా అయితే మన పాత్ర జుట్టు రేగిపోయి నిద్రలేస్తుంది, పక్కింటివాళ్ళు ఇన్నాళ్ళు ఎక్కడికెళ్ళావని అడుగుతారు. అంతటితో సరి. కలుపు అరగంటలో పీకేయొచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఇంటి అప్పు 98,000 బెల్స్‌తో (అక్కడి డబ్బు) మొదలై గదులు పెరిగేకొద్దీ చివరికి 24,98,000 దాకా వెళుతుంది, అయినా వడ్డీ లేదు, గడువు లేదు, ఫోన్ చేసి అడిగేవాడు లేడు. ఈఎంఐ కట్టే వయసువాళ్ళకి ఈ ఆట అంతగా నచ్చడానికి ఆటలో ఇల్లు కట్టించి అప్పిచ్చే ఆ టామ్ నూక్ అప్పే సగం కారణమని నా అనుమానం. ధరలతో జూదమాడాలని ఉన్నవాళ్ళకి అందులో టర్నిప్‌లున్నాయి. ఆదివారం పొద్దున కొనాలి, వారంలో రోజుకి రెండుసార్లు మారే ధర చూసి అమ్మాలి, వచ్చే ఆదివారానికి కుళ్ళిపోతాయి. మన యార్డు వాసన కావాల్సినవాళ్ళకి అది చాలు. వద్దనుకున్నవాళ్ళు ఒక్కటీ కొనకుండా వందల గంటలు ఆడొచ్చు.

వీటి పక్కన ఫార్మ్‌విల్‌ని పెట్టండి. 2009 జూన్‌లో ఫేస్‌బుక్‌లో వచ్చి ఊళ్ళకి ఊళ్ళని ఊపేసిన ఆట, 2020 డిసెంబర్ 31న మూతపడింది. స్ట్రాబెర్రీ వేస్తే 4 గంటల్లో పండేది, సకాలానికి వచ్చి కోయకపోతే ఎండిపోయేది. ఆఫీసులో పని మధ్యలో, రాత్రి అలారం పెట్టుకుని లేచి స్ట్రాబెర్రీలు కోసిన తరం ఒకటుంది. బొమ్మలు అవే, కోళ్ళు అవే, కంచె అదే. మనిషి ఆటకి కాపలా ఉన్నాడు, అంతే తేడా.

హే డే అంత కఠినం కాదు. 2012లో సూపర్‌సెల్ తెచ్చిన ఈ ఆటలో పండిన పంట ఎన్నాళ్ళయినా చేలో నిలబడే ఉంటుంది. గోధుమ 2 నిమిషాలు, మొక్కజొన్న 5 నిమిషాలు. ఒక గింజ వేస్తే రెండు వస్తాయి, పంటే విత్తనం. కొత్తవాళ్ళు ఇక్కడ దెబ్బతింటారు. ఆర్డర్ వచ్చింది కదా అని ఒక పంట మొత్తం అమ్మేస్తే మళ్ళీ వేయడానికి గింజ ఉండదు, వజ్రాలు (అసలు డబ్బుతోనూ అమ్మేవి) పెట్టి కొనాలి. ప్రతి పంటలో కొన్ని గింజలు విత్తనానికి ఆపుకోవాలని రైతు బిడ్డకి వేరే చెప్పాలా! అసలు చిక్కు గోదాముది. మొదట్లో గాదె 50 పట్టుకుంటుంది, పెంచాలంటే మేకులు, స్క్రూలు, చెక్క పలకలు సమానంగా కావాలి, అవేమో అదృష్టం మీద దొరుకుతాయి, ఎప్పుడూ ఒకటి తక్కువే. వజ్రాలిస్తే వెంటనే అవుతుంది. ఇంతకుముందు స్ప్రింక్లర్ గురించి అన్నది ఇక్కడ చూడండి. ఒకచోట కష్టాన్ని మన పనితో దాటాం, ఇంకోచోట అదే కష్టాన్ని కంపెనీయే తెచ్చిపెట్టి, దాటడానికి టికెట్ అమ్ముతోంది. హే డేని చెడ్డ ఆట అనను, డబ్బు పెట్టకుండా ఏళ్ళ తరబడి హాయిగా ఆడేవాళ్ళున్నారు. కానీ నోటిఫికేషన్లు ఆపేసి, కార్డు వివరాలు ఫోన్లోంచి తీసేసి, ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టాకే పిల్లలకి ఇవ్వండి.

ఉచితం ఉండగా కొనడం ఎందుకని మనవాళ్ళు అడుగుతారు. స్టార్‌డ్యూ ఒక్కసారి కొంటే యాడ్స్ లేవు, లోపల కొనే వస్తువులు లేవు, తర్వాత వచ్చిన పెద్ద అప్‌డేట్లన్నీ ఉచితమే. 2024 మార్చిలో కంప్యూటర్‌కి, నవంబర్‌లో ఫోన్లకీ వచ్చిన 1.6 కూడా అంతే. మన సమయానికి కాస్త ఖరీదు కట్టుకుంటే ఉచిత ఆటే ఎక్కువ పడుతుంది.

ఇంట్లో పెద్దవాళ్ళ భయం మాత్రం వేరే. గేమ్ అనగానే రమ్మీ గుర్తొస్తుంది, అప్పులు గుర్తొస్తాయి. ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్లని నిషేధించింది, 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని ఆపుతూ కేంద్రం చట్టమే తెచ్చింది. ఈ ఆటలకి వాటితో చుట్టరికం లేదు. పందెం డబ్బు పెట్టరు, గెలవరు, పోగొట్టుకోరు.

బెజవాడ, గుంటూరుల్లో ఈ ఆటలు ఎవరికి ఎక్కువ అవసరమంటే, నా దృష్టిలో ఇంటర్ పిల్లలకి. వారం వారం పరీక్ష, సెక్షన్ ర్యాంకు, క్యాంపస్ ర్యాంకు, ఈఏపీసెట్, జేఈఈ, నీట్. పదహారేళ్ళ మనిషికి తన స్థానం ఎంతో ఒక అంకెగా తెలియని రోజు ఉండదు. ఆ పిల్లలు సెలవుకి ఇంటికొచ్చి ఫోన్ పట్టుకుంటే అందులోనూ ర్యాంకు పుష్ చేసే ఆటే. స్టార్‌డ్యూలో లీడర్‌బోర్డ్ ఉండదు. మూడో ఏడు మొదట్లో తాత ఆత్మ వచ్చి పొలం చూసి మార్కులేస్తాడు, నిజమే, అయితే నచ్చకపోతే తర్వాత ఎప్పుడైనా మళ్ళీ చూడమనొచ్చు. ఇంప్రూవ్‌మెంట్‌కి ఫీజు ఒక్క డైమండ్. అదీ గనిలో దొరుకుతుంది.

అలాగని ఇంటర్ పిల్లాడికి ఇచ్చేసి నిశ్చింతగా ఉండమనడం లేదు. ఈ ఆటకున్న దుర్గుణం "ఇంకొక్క రోజు". సేవ్ కావాలంటే పడుకోవాలి, పడుకుంటే తెల్లారుతుంది, తెల్లారితే పంట కోతకొచ్చి ఉంటుంది, ఉత్తరం వచ్చి ఉంటుంది. ఆపాల్సిన చోటే కొత్త ఆశ పుడుతుంది. ఆపే పద్ధతి ఒకటే, తెల్లారాక మంచం దిగకముందే బయటికి రావడం. టీవీ పెట్టారంటే, ఉత్తరాల పెట్టె తెరిచారంటే ఇంకో పావుగంట వెళ్ళినట్టే. ఎన్ని నిమిషాలు అని కాకుండా ఎన్ని రోజులు అని ముందే ఒప్పందం చేసుకుంటే పిల్లలతో గొడవ తగ్గుతుంది. మూడు రోజులంటే ముప్పావుగంట. రోజు మధ్యలో ఫోన్ లాక్కుంటే వాళ్ళ పని పోతుంది, ఆ కోపం న్యాయమైనదే.

ఆడితే మనసుకి మంచిదని రుజువుందా అంటే, 2020 నవంబర్‌లో ఆక్స్‌ఫర్డ్ ఇంటర్నెట్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు న్యూ హొరైజన్స్ ఆడే 2,756 మందిని అడిగి చూశారు. వాళ్ళు చెప్పిన గంటలు నమ్మకుండా కంపెనీ ఇచ్చిన అసలు ఆట సమయంతో పోల్చారు. ఎక్కువ ఆడేవాళ్ళు కాస్త మెరుగ్గా ఉన్నట్టు తేలింది. ఆ కాస్త నిజంగా కాస్తే. పైగా ఆడటం వల్ల బాగున్నారా, బాగున్నవాళ్ళే ఆడుతున్నారా అన్నది దాంతో తేలదు. దీన్ని పట్టుకుని వైద్యమని ప్రచారం చేసేవాళ్ళని నమ్మకండి.

చేసినవాళ్ళ కథలు మాత్రం నన్ను ఎక్కువ ఒప్పిస్తాయి. 1996లో హార్వెస్ట్ మూన్‌తో ఈ దారి తీసిన యసుహిరో వాడా మియజాకీ పల్లెల్లో పెరిగి టోక్యో వెళ్ళినవాడు. యానిమల్ క్రాసింగ్ తలపెట్టిన కత్సుయా ఎగుచీ చిబాలో అయినవాళ్ళని వదిలి ఉద్యోగానికి క్యోటో వెళ్ళి ఒంటరైనవాడు. 2000లో ఇల్లూ సంసారమూ నడిపే ఆట ద సిమ్స్ తెచ్చిన విల్ రైట్ ఇల్లు 1991 ఓక్లండ్ మంటల్లో కాలిపోయింది, ఇంటిని మళ్ళీ మొదటినుంచీ సమకూర్చుకోవడంలోంచి ఆ ఆట పుట్టింది. పల్నాడు నుంచో దివిసీమ నుంచో వచ్చి బ్రాడీపేటలో, లబ్బీపేటలో అపార్ట్‌మెంట్లలో సర్దుకున్న కుటుంబాలకి ఈ దిగులు కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. బాల్కనీలో రెండు కుండీలకి మించి చోటు లేనివాళ్ళు వీళ్ళు.

పెద్దవాళ్ళకి ఇవ్వాలంటే అడ్డంకులు మూడు. మొదటిది భాష. స్టార్‌డ్యూ పన్నెండు భాషల్లో ఉంది, అందులో మన దేశపు భాష ఒక్కటీ లేదు. ఇంగ్లీషు చదవడం అలవాటు లేనివాళ్ళకి ఊరి జనం మాటలు, ఉత్తరాలు ఎవరో ఒకరు చదివి పెట్టాలి. రెండోది అక్షరం సైజు. ఆప్షన్స్‌లో జూమ్, యూఐ స్కేల్ రెండూ వేర్వేరుగా ఉంటాయి. జూమ్ పెంచితే పొలం పెద్దదవుతుంది, అక్షరాలు పెరగవు. అక్షరాలు పెరగాలంటే యూఐ స్కేల్ పెంచాలి. ఆరంగుళాల ఫోన్ కంటే పాత ల్యాప్‌టాప్ నయం, 2 జీబీ ర్యామ్, 500 ఎంబీ ఖాళీ ఉంటే చాలు ఆట నడుస్తుంది. మూడోది చేపలు పట్టడం. పైకీ కిందికీ ఎగిరే చేపని ఆకుపచ్చ పట్టీలో ఉంచాలి, చేతి వేగం కావాలి, పెద్దవాళ్ళు అక్కడే విసుగెత్తి మానేస్తారు. సముద్రం దగ్గరి కొట్లో 25 గోల్డ్‌కి ట్రైనింగ్ రాడ్ దొరుకుతుంది, దాంతో పట్టీ వెడల్పవుతుంది, మామూలు చేపలే పడతాయి. లేదా చేపల జోలికే వెళ్ళకుండా కోళ్ళు పెంచుకోమనండి, కోడిపిల్లని నిమిరితే గుండె గుర్తు వస్తుంది, గుడ్లు పెడుతుంది, అందులో ఓడిపోయేదేమీ లేదు.

అన్నిటికంటే బాగా కుదిరేది నాయనమ్మా మనవడూ లాంటి ఇద్దరు ఒకే పొలం చేయడం. 2020 డిసెంబర్‌లో 1.5 వచ్చినప్పటినుంచీ కంప్యూటర్‌లో ఒకే తెరని రెండుగా చీల్చుకుని ఆడొచ్చు, రెండో మనిషికి కంట్రోలర్ ఒకటి కావాలి. కొత్త పొలం మొదలుపెట్టేటప్పుడే రెండో మనిషికి ఒక క్యాబిన్ (గుడిసె) పెట్టుకోండి, తర్వాత వడ్రంగి చేత కట్టించాలంటే మళ్ళీ ఖర్చు, క్యాబిన్లు దగ్గరగా అనే ఎంపిక ఇవ్వండి, లేకపోతే నాయనమ్మ గుడిసె పొలం ఆ చివర పడుతుంది. ఒక్కరే ఆడేటప్పుడు సంచి తెరిస్తే గడియారం ఆగుతుంది, ఇద్దరున్నప్పుడు ఒకరు తెరిస్తే ఆగదు, ఈ సంగతి ముందే చెప్పకపోతే మెనూలో వెతుక్కుంటూ ఉండగానే చీకటి పడుతుంది. రోజు ముగియాలంటే ఇద్దరూ మంచమెక్కాలి. డబ్బు ఉమ్మడిగా ఉంచాలా, వేరుగానా అని ఆట అడుగుతుంది. వేరుగానే పెట్టండి. ఉమ్మడి అయితే పిల్లాడు మొదటి వారంలోనే మొత్తం సంచి సైజు పెంచడానికి తగలేస్తాడు, 2000 గోల్డ్ అది, నాయనమ్మకి విత్తనాలకి కూడా మిగలదు.